చెంచయ్య మడమ

వేములపాలెంలో వెంకటరావమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. మిరప కల్లంలో ఆమె గొంతెత్తితే పక్క చేలో ఎడ్లు అరక లాగడం మానేసేవని చెప్పుకుంటారు. ఎడ్ల సంగతి కాస్త పెంచి చెప్పిందే అనుకోండి, మనుషులు ఆగిపోయిన మాట మాత్రం నిజం. అంత నోరున్న మనిషి జీవితంలో ఒక్కసారి నోరు విప్పడానికి భయపడింది. భయపడుతూనే విప్పింది. ఆమె గురించి చెప్పుకోవాల్సింది అందుకే.

మార్టూరుకి దగ్గర్లో, మిరపా పత్తీ పండే నల్లరేగడి మధ్య ఉంటుంది ఆ ఊరు. వెంకటరావమ్మ పుట్టిల్లూ మెట్టిల్లూ రెండూ అక్కడే. తండ్రి చెంచయ్య నిండా కాయలు కూరిన మిరప టిక్కీ బస్తాని ఎవరి సాయమూ లేకుండా భుజానికెత్తుకునే మనిషి. ఆయన మడమల వెనక నరం మోకుతాడంత లావున, ముడులు ముడులుగా ఉండేది. ఊళ్ళో ఎవడైనా మొండిగా నిలబడితే "ఏరా, నీదేవన్నా చెంచయ్య మడమా?" అనేవాళ్ళు. ఆయన భార్య ఆదెమ్మకి ఆ మడమ అంటే మహా గర్వం. కొడుకులకి మీసాలు మొలిచే వయసులో, కూతురికి ఓణీ వేసే వయసులో, కాలు ఒళ్ళోకి లాక్కుని మడమ నొక్కి చూసేది. నరం లావెక్కి గట్టిగా తగిలితే "మా ఇంటి బిడ్డే" అని మెటికలు విరిచేది. పెద్దకొడుకు పేరయ్యకి పిల్లని వెతికినప్పుడు కూడా బయటి సంబంధాలు చూడలేదు. చెంచయ్య చెల్లెలి కూతురు వెంకటేశ్వరమ్మకి అదే మడమ ఉందని తెలిసి, ఇంటి బలం ఇంట్లోనే ఉండాలని మేనరికం చేసింది.

ఇంత బలమైన మడమల మీద నిలబడ్డ మనుషులు ఎందుకు నిలవడం లేదో ఎవరూ అడగలేదు. చెంచయ్య నలభై దాటిన కొత్తలోనే కల్లంలో కాయలు తిరగేస్తూ కూలిపోయాడు. వడదెబ్బ అన్నారు. పేరయ్యకి నలభై కూడా రాలేదు. దిష్టి అన్నారు. పేరయ్య కూతురు నాగరత్నానికి పసితనంలోనే మోకాళ్ళ మీదా మోచేతుల మీదా పసుప్పచ్చటి గడ్డల్లా కాయలు లేచాయి. ఓ పొద్దున తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆ పిల్ల గడిలోనే ఒరిగిపోయింది. గాలి సోకిందన్నారు. మనవాళ్ళకి చావు ఎలా వచ్చినా దానికో కారణం సిద్ధంగా ఉంటుంది.

చెంచయ్య పోయేనాటికి చిన్నకొడుకు వెంకటనారాయణ నడక నేరుస్తున్నాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది వెంకటరావమ్మే. పెళ్ళయి నాలుగు ఇళ్ళ అవతల రాఘవయ్య ఇంటికి కాపరానికి వెళ్తూ కూడా తమ్ముణ్ణి వెంటేసుకెళ్ళింది. ఆమెకి కూతురు పుట్టినప్పుడు ఆదెమ్మ పురిటి మంచం దగ్గరే ప్రకటించేసింది, "మా నారాయణ పెళ్ళాం పుట్టింది" అని. ఆ పిల్ల అంజనీకుమారికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అందరూ మేనమామ పెళ్ళామనే ఆట పట్టించేవాళ్ళు. చీరాల తిరునాళ్ళకి వెళ్తే వెంకటనారాయణ ఆ పిల్లకి రిబ్బన్లూ అక్కకి గాజులూ తెచ్చేవాడు. పెద్దయ్యాక ఆ పిల్ల రిబ్బన్లు తీసుకుని లోపలికి పారిపోవడం నేర్చుకుంది. ఎనభై నాలుగులో, మిరపకాయ అమ్ముడుపోగానే తాంబూలాలు పుచ్చుకుందామని అనుకున్నారు.

ఆ ఏడు కోతలప్పుడే వెంకటరావమ్మకి గుండెల్లో పట్టేసినట్టు నొప్పి వచ్చింది. మార్టూరులో ఆర్‌.ఎం.పి. డాక్టరు గ్యాసన్నాడు. ఆమె నెల రోజులు వాము నమిలింది. నొప్పికి వాము గురించి తెలిసినట్టు లేదు, రావడం మానలేదు. మాటకి ఎదురు చెప్పని రాఘవయ్య ఆసారి మాత్రం భార్య మాట వినకుండా గుంటూరు బస్సెక్కించాడు.

అక్కడి గుండె డాక్టరు రాధాకృష్ణమూర్తి నెమ్మదస్తుడు. ఆమె గుండె వినక ముందే ఆమె కళ్ళకేసి చూశాడు. రెప్పల మీద, ముక్కు పక్కగా పసుపు అంటినట్టు చిన్న మచ్చలున్నాయి.

"ఇవి ఎన్నాళ్ళ నుంచీ ఉన్నాయమ్మా?"

"అమ్మాయి పుట్టిన కాడ్నుంచీ ఉన్నయ్యండీ. లక్ష్మీకళ అంటది మా అమ్మ."

డాక్టరు ఆమెని నిలబడమని, వంగి మడమ వెనక నరాన్ని రెండు వేళ్ళతో పట్టి చూశాడు. అంత పెద్దాయన తన కాలు ముట్టుకునేసరికి వెంకటరావమ్మ "అయ్యో, ఇదేందండీ" అని కంగారుగా వెనక్కి జరిగింది.

"ఇలాంటి మడమ మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

ఆమెకి అంతకన్నా కావాల్సిందేముంది? నాయన టిక్కీ ఎత్తిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. డాక్టరు శ్రద్ధగా విని, "ఆయన ఉన్నారా?" అని అడిగాడు. లేరండి. "మీ అన్నగారు?" లేరండి. "వాళ్ళమ్మాయి, మోకాళ్ళ మీద కాయలున్నాయన్నారే?" ఆ 'లేదండి' అంటున్నప్పుడు ఆమె గొంతు తగ్గిపోయింది. తను ఇంతసేపు పొగిడిన పుట్టింటి మడమల్లో ఇంకా నేల మీద తిరుగుతున్నవి తనవీ తమ్ముడివీ మాత్రమేనని ఆ కుర్చీలో కూర్చున్నాకే ఆమెకి తట్టింది.

నెత్తురు పరీక్ష చేయించి, మధ్యాహ్నం మళ్ళీ పిలిచి చెప్పాడు. నెత్తురులో కొలెస్టరాల్ అనే కొవ్వు ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. అది గుండె నరాల్లో పేరుకుంటుంది. మడమలోనూ రెప్పల మీదా పేరుకున్నది కూడా అదే.

"నేను నెయ్యి ముట్టనండీ. నాకా వాసనే పడదు."

"మీరు తిని తెచ్చుకుంది కాదమ్మా. మీ నాన్నగారి నుంచి వచ్చింది."

ఆమె అర్థం కానట్టు చూసేసరికి ఆయన ఎడ్లబండి పోలిక చెప్పాడు. నెత్తురులో కొవ్వుని లాగి పారేసే పనికి ప్రతి మనిషికీ రెండెడ్లు ఉంటాయనుకోండి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. మీకు తండ్రి ఇచ్చింది కుంటిది. మీ పిల్లలకి మీరు మంచిదైనా ఇస్తారు, కుంటిదైనా ఇస్తారు, అది బొమ్మా బొరుసూ. ఒకటి కుంటిదైతే బండి ఈడుస్తూనైనా నడుస్తుంది, తొందరగా అరుగుతుంది. రెండూ కుంటివైతే?

"మా నాగరత్నం" అంది వెంకటరావమ్మ.

డాక్టరు తలూపాడు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఆమె అడిగింది, తమ్ముడికి తన కూతుర్ని ఇవ్వబోతున్నాం, ఇవ్వొచ్చా అని. ఇద్దరికీ కుంటి ఎద్దే వచ్చిందేమో ముందు చూడాలన్నాడాయన. తమ్ముడి మడమ చూడక్కర్లేదు. చంకనేసుకుని పెంచిన పిల్లాడు, వాడి కాళ్ళు తన కాళ్ళకన్నా బాగా తెలుసు. తెలియాల్సింది కూతురి సంగతే. పట్టుచీర కొందామని ఆ వారమే అంజనిని గుంటూరు తీసుకొచ్చి, కొట్టుకి వెళ్ళేముందు నెత్తురు తీయించింది. ఆ పిల్ల మడమ సన్నగానే ఉంది గానీ నెత్తురు తాతదే.

ఆ పరీక్ష కాగితం తెచ్చుకుని ఊరికి తిరిగొచ్చే బస్సులో రాఘవయ్య ఓ ఉపాయం చెప్పాడు. పురోహితుడు శేషాచలం గారికి చెప్పుకుంటే జాతకాలు కలవలేదంటాడు, గుట్టుగా తేలిపోతుంది. నెత్తురులో దోషమని బయటికి పొక్కితే మనమ్మాయినే కాదు, ఆ వంశంలో ఏ పిల్లనీ ఎవరూ చేసుకోరు.

అది నిజమేనని ఆమెకీ తెలుసు. ఆ భయంతోనే రెండు రోజులు ముద్ద మింగలేకపోయింది. కానీ జాతకం మీదికి తోసేస్తే ఏమవుతుంది? తమ్ముడు తన ఒంట్లో ఉన్నదేమిటో తెలియకుండానే చుట్టలు కాలుస్తూ బస్తాలు మోస్తూ ఉంటాడు. అమ్మ ఇంకో మడమ వెతికి కట్టబెడుతుంది. మళ్ళీ ఓ నాగరత్నం పుడుతుంది. "జాతకం అబద్ధం ఆడితే నా తమ్ముడు చస్తాడయ్యా" అని మొగుడికి చెప్పేసింది.

తాంబూలాల రోజు పందిట్లో బంధుబలగమంతా చేరింది. చెంచయ్య చెల్లెలి పిల్లలు పొన్నూరు వైపు నుంచి వచ్చారు. వాళ్ళలో వదిన వెంకటేశ్వరమ్మ కూడా ఉంది. మొగుడూ కూతురూ పోయాక పుట్టింట్లోనే ఉంటోంది. ఆమె మొహం చూసి వెంకటరావమ్మ తల తిప్పుకుంది. చెప్పబోయే మాట అందరికన్నా ముందు గుచ్చుకునేది ఆమెకే మరి.

శేషాచలం గారు పళ్ళెం అందుకోబోతుంటే వెంకటరావమ్మ లేచి నిలబడింది. ఈ పెళ్ళి జరగడం లేదని చెప్పింది. ఎందుకో చెప్పింది. నాయన మడమ బలం కాదు, రోగమని చెప్పింది. అది తనకుంది, తమ్ముడికుంది, కూతురికుంది. ఇద్దరినీ కలిపితే పుట్టే బిడ్డకి నాగరత్నం గతి పట్టొచ్చని కూడా చెప్పింది. ఆ రోజు ఆమె గొంతు మాత్రం పందిరి దాటలేదు.

అందరూ ఒక్కసారే నోళ్ళు విప్పారు. ఆదెమ్మ గుండెలు బాదుకుంటూ మీదికొచ్చింది. "నిన్ను కన్నోడి కాలుకి వంక పెడతావటే! సచ్చినోళ్ళని కూడా వదలవా!" పొన్నూరు బావ ఒకాయన లేచి, మా ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలు ముగ్గురున్నారు, నీ నోటికి తాళం లేదా అన్నాడు. వెంకటనారాయణ మాత్రం అరవలేదు. కొత్త పంచె కట్టుకున్నాడు, మొహం కల్లంలో కాయలా ఎర్రబడింది. "ఇయ్యనంటే ఇయ్యననాల్సింది అక్కా. నలుగురిలో రోగిష్టోణ్ణి చేశావు" అని, ఆ పంచెతోనే నడిచి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అంజని వైపు తలెత్తి కూడా చూడలేదు.

ఆ గొడవలో వెంకటేశ్వరమ్మ లేచి ఆడబిడ్డ దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నారు. అరుగు మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి తీసి, కాలు ముందుకి చాపింది.

"నాదీ చూడు వదినా. నా బిడ్డకి గాలి సోకిందంటే అదే నమ్మి, ఆ పొద్దున బయటికెందుకు పంపానా అని నన్ను నేను తిట్టుకుంటా ఉన్నా ఇన్నేళ్ళు. నా తప్పు కాదంటావా?"

"కాదు. ఎవరి తప్పూ కాదు" అంది వెంకటరావమ్మ. ఆ కాలు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

గుంటూరుకి ఆమె వెంట వచ్చిన మొదటి మనిషి ఆ వదినే. తర్వాత ఇంకెవరూ రాలేదు. రమ్మంటే తలుపులు వేసుకున్నారు. అయితే వెంకటరావమ్మ తలుపు తీయించే మార్గం కనిపెట్టింది. బంధువుల ఇళ్ళలో పేరంటం జరిగితే చాలు, పిలిచినా పిలవకపోయినా వెళ్ళేది. పసుపు గిన్నె తనే అందుకునేది. ముత్తయిదువల కాళ్ళకి పసుపు రాసేవాళ్ళని కాదనకూడదు కదా! పసుపు రాస్తూ రాస్తూ మడమ వెనక నరం మీద బొటనవేలు ఆనించేది. లావుగా తగిలితే పైకి ఏమీ అనేది కాదు. తాంబూలం పుచ్చుకునేటప్పుడు ఆ మనిషి చెవిలో, "రేపు గుంటూరు పోతన్నా, గాజులు కొనుక్కుందాం రా" అనేది. ఆమె వెంట గాజులకెళ్ళిన వాళ్ళందరూ ముందు డాక్టరు దగ్గర తేలేవాళ్ళు.

ఈ సంగతి బయటపడకుండా ఎంతకాలం ఉంటుంది? వెంకటరావమ్మ పసుపు రాస్తే సంబంధం తప్పిపోతుందని పేరు పడింది. ఆమె గిన్నె పట్టుకుని వస్తుంటే కాళ్ళు చీర కిందికి లాక్కునేవాళ్ళు. కొందరు పేరంటాలు ఆమెకి తెలియకుండా పెట్టుకున్నారు. ఆమె సిగ్గుపడలేదని చెప్పను, ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని కళ్ళు ఒత్తుకున్న రోజులున్నాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళేది. నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకసారి అవమానం జరిగిన గడప మళ్ళీ తొక్కడానికి ఎంత గుండె కావాలి? అదీ, నొప్పి ఉన్న గుండె.

అప్పట్లో ఆ కొవ్వుని కరిగించే మందులు అంతంతమాత్రమే. చుట్టలు మానాలి, మాంసంలో కొవ్వూ వేపుళ్ళూ తగ్గించాలి, నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టుకోవాలి, ఇంకా అవసరమైతే మద్రాసు వెళ్ళాలి. వెంకటరావమ్మ ఇవన్నీ ఊరిమీద పడి చెప్పింది. పొన్నూరు బావ, తాళం లేదా అన్నాడే, ఆయన నోట్లోంచే పంచాయతీ అరుగు మీద చుట్ట లాగి పారేసింది. ఆ మరుసటేడు ఆయనకి నొప్పి వస్తే ఆమె ఇచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకుని గుంటూరు దాకా ప్రాణంతో చేరాడు. అప్పటి నుంచీ ఆయన ఇంట్లో ఆమె పసుపు రాస్తానంటే ఎవరూ కాదనలేదు.

తమ్ముడు ఒక్కడే రాలేదు. తన పొలం కౌలుకిచ్చి, మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే షెడ్డులో చేరాడు. పలకలు ఎత్తుతున్నాడని, చుట్ట మానలేదని ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఆమె కబురు పెడితే జవాబు లేదు. ఓసారి షెడ్డు దాకా వెళ్తే, రాతి దుమ్ములో తెల్లగా నిలబడి, "మళ్ళీ ఎవరి ముందు కాళ్ళు చూపియ్యాలే?" అన్నాడు. ఆమె తెచ్చిన మాత్రల పొట్లం పలకల మీద పెట్టి వచ్చేసింది. బస్సులో దారంతా చెంచయ్య కల్లంలో పడిపోయిన తీరే ఆమె కళ్ళకి కడుతూ ఉంది.

అంజనికి సంబంధాలు చూసేటప్పుడు కూడా వెంకటరావమ్మ నిజం దాచలేదు. రెండు కుటుంబాలు కాఫీ తాగకుండానే లేచిపోయాయి. మూడోది చీరాల వైపు వాళ్ళు, ఏ చుట్టరికమూ లేని ఇల్లు. పెళ్ళికొడుకు తల్లి అంతా విని, "మా ఇంటి నిండా చక్కెర రోగమే వదినగారూ. మీరడిగారా, మేం చెప్పామా?" అని నవ్వేసింది. అబ్బాయి తన నెత్తురు కూడా చూపించుకున్నాడు, కొలెస్టరాల్ సక్రమంగానే ఉంది. ఎనభై ఏడు వేసవిలో ముహూర్తం పెట్టారు.

పెళ్ళిలో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది మేనమామ. ఆ మేనమామే ఒకప్పుడు పెళ్ళికొడుకు కావాల్సినవాడు. వెంకటరావమ్మ తనే వెళ్ళి శుభలేఖ ఇచ్చింది. వెంకటనారాయణ అందుకున్నాడు గానీ వస్తానని అనలేదు. ఆ పొద్దున అంజని పసుపు చీరలో బుట్టలో కూర్చుంది. బుట్ట నేల మీదే ఉంది. వరసకి మామ అయ్యేవాడు ఎవరైనా ఎత్తొచ్చని పెద్దలన్నారు. "ఇంకాస్త ఆగండి" అని వెంకటరావమ్మ వీధి వైపే చూస్తూ ఉంది.

అప్పుడు వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. జనం పక్కకి తప్పుకున్నారు. బుట్ట దగ్గరికి వచ్చి, అంజని వైపు ఓసారి చూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనెత్తను" అన్నాడు.

పందిరంతా గగ్గోలైంది. పంతం పోలేదు చూడమని ఎవరో అన్నారు. ఆదెమ్మ "ఒరేయ్ నారాయణా!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వెంకటనారాయణ గొంతు పెంచాడు. ఆ గొంతు అక్కదే.

"ఎత్తకూడదంట. షెడ్డులో పలకెత్తుతా ఉంటే గుండె పట్టేసింది. అక్క పెట్టిపోయిన మాత్ర జేబులో ఉంది కాబట్టి బతికా. తర్వాత గుంటూరెళ్ళి రాధాకృష్ణమూర్తి గారికి చూపించుకున్నా. షెడ్డు మానేశా, చుట్ట మానేశా, బరువులెత్తొద్దన్నాడు." అక్కడ కాస్త ఊపిరి తీసుకున్నాడు. "నాకుంది నాయన మడమ. ఆ రోజు నలుగురిలో అక్క చెప్పింది నిజం. నలుగురిలోనే చెప్తన్నా."

వెంకటరావమ్మకి ఏదో అనాలని ఉంది. ఊరందరి నోళ్ళు మూయించిన ఆ నోరు ఒక్క మాటకి కూడా పెగల్లేదు. పక్కనున్న వెంకటేశ్వరమ్మ ఆమె భుజం పట్టుకుంది. తమ్ముడు వచ్చినందుకు కాదు, తన కూతురి బుట్ట ఎత్తనన్నందుకు ఆనందంతో ఏడ్చిన తల్లిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

ఈలోగా అంజని బుట్టలోంచి లేచి దిగింది. "నేను నడిచొస్తాలే మామయ్యా" అని చెయ్యి చాపింది. ఆడవాళ్ళు "అయ్యో, అదెట్టా!" అన్నారు. శేషాచలం గారు మంత్రం ఆపి, "మేనమామ తీసుకురావాలి, అంతే. మోయాలని ఎక్కడా లేదు" అని తేల్చేశారు. వెంకటనారాయణ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ పందిట్లో మెల్లగా నడిచారు.

వెనక నుంచి వెంకటరావమ్మకి తమ్ముడి కాళ్ళు కనిపిస్తున్నాయి. అవే లావు నరాలు, అవే ముడులు, అచ్చం నాయన నడిచినట్టే. మండపం దగ్గరపడేకొద్దీ సన్నాయి హోరెక్కింది, పెళ్ళికొడుకు వాళ్ళు తొందరపెట్టారు, వెంకటనారాయణ అడుగు వేగం పెంచబోయాడు. అప్పుడు ఆమెకి గొంతు తిరిగొచ్చింది. మేళం కూడా ఒక్క క్షణం ఆగింది.

"ఒరేయ్ నారాయణా, మెల్లిగా నడవరా! ముహూర్తానికి ఇంకా టైముంది."